రెండు కుక్కలు, రెండు హార్నెస్‌లు, చెరువు చుట్టూ 6 కిలోమీటర్లు

చుక్కి గొంతు మారిందని మొదట గమనించింది మా నాన్న. "అమ్మాయ్, దీని అరుపు బొంగురుగా వస్తోంది, విన్నావా?" అన్నాడు. రోజూ వినే గొంతు కావడంతో నాకు తేడా తెలియలేదు. ఆయన చెప్పాక చెవి పెట్టి విన్నాను. నాలుగు అడుగులు గబగబా వేస్తే చాలు, ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు రంపంతో కోస్తున్నట్టు చప్పుడు వస్తోంది.

చుక్కి 11 ఏళ్ళ లాబ్రడార్, 30 కిలోలు ఉంటుంది. పశువైద్యుడు పరీక్షించి, స్వరపేటికలో గాలికి దారి ఇచ్చే కండరాలు బలహీనపడ్డాయని చెప్పారు. వయసు మళ్ళిన పెద్ద జాతి కుక్కల్లో, ముఖ్యంగా లాబ్రడార్లలో ఇది తరచుగా వచ్చేదేనట. ఆపరేషన్ అవసరం ఇంకా రాలేదన్నారు. మూడు విషయాలు మాత్రం గట్టిగా చెప్పారు. ఎండలో తిప్పొద్దు, బరువు పెరగనివ్వొద్దు, మెడకున్న కాలర్‌కి లీష్ తగిలించొద్దు. మెడకి బదులు ఛాతీ చుట్టూ పట్టీలతో తొడిగే హార్నెస్ కొనండి అన్నారు.

మా రెండో కుక్క బంటి కథ వేరు. వాడికి రెండేళ్ళు, ఏ జాతో చెప్పలేం, 19 కిలోలు. లోతైన ఛాతీ, సన్నని నడుము. గేటు తెరిస్తే చాలు, లీష్ తీగలా బిగిసిపోతుంది. పోయిన ఏడాది నా కుడి భుజం పట్టేసి చెయ్యి పైకెత్తలేని స్థితి వచ్చినప్పటి నుంచి బంటిని పట్టుకోవడం మానేశాను. మా ఆయన వాడిని విడిగా తిప్పేవాడు. నేను చుక్కిని మలుపు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేదాన్ని. ఆదివారం ఉదయం అందరం కలిసి చెరువు చుట్టూ నడిచే అలవాటు అలా నాలుగు నెలలు ఆగిపోయింది. ఆ నడక ఆగిపోవడమే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. మా ఇంట్లో నలుగురమూ ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడుకునే రెండు గంటలు అవే.

అందుకని ఒకే రకం హార్నెస్‌లు రెండు కొన్నాను. చుక్కికి పెద్ద సైజు, బంటికి మీడియం. ఏడు నెలలుగా వాడుతున్నాను. ఈ నమూనా చాలా కంపెనీలు చేస్తాయి కాబట్టి పేరు చెప్పను. ఏం చూసి కొనాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్తాను.

ముందు నుంచి చూస్తే ఇది ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. మెడ కింద నుంచి రెండు పట్టీలు వచ్చి ఛాతీ ఎముక మీద కలుస్తాయి. అక్కడి నుంచి ఒక పట్టీ ముందు కాళ్ళ మధ్యగా పొట్ట కిందికి పోతుంది. లీష్ తగిలించడానికి రెండు రింగులు, ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద. వీపు మీద చేత్తో పట్టుకోవడానికి మెత్తని పిడి కూడా ఉంది. బిగించుకోవడానికి నాలుగు చోట్ల స్లైడర్లు. మెడ పట్టీకి కూడా బకిల్ ఉండటం నాకు బాగా నచ్చింది. తల మీదుగా ఏదైనా తొడగబోతే బంటి పారిపోతాడు. దీన్ని మెడ చుట్టూ వేసి పక్కనే బకిల్ పెట్టేయొచ్చు.

ఛాతీ ముందున్న రింగు ఎందుకు పనిచేస్తుందో వాడితే తెలిసింది. లీష్‌ని వీపు రింగుకి తగిలిస్తే కుక్క తన బరువంతా ఛాతీ మీద వేసి లాగగలదు. మంచు మీద బండి లాగే కుక్కలకు హార్నెస్ వేసేది అందుకే. ఛాతీ రింగుకి తగిలిస్తే, కుక్క లాగగానే దాని ఒళ్ళు పక్కకి, మన వైపు తిరుగుతుంది. ముందుకి దూకాలన్న ఊపు అక్కడే తగ్గిపోతుంది. గొంతు మీద ఏమీ పడదు. కాలర్‌తో లాగితే కుక్క కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందనీ, హార్నెస్‌తో లాగితే పెరగలేదనీ 2006లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. చుక్కికి ఊపిరి సమస్య కాబట్టి మాకు గొంతే ముఖ్యం, కానీ కళ్ళ జబ్బులున్న కుక్కల యజమానులు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొలత దగ్గర తొందరపడకండి. కుక్కలకు మనకున్నట్టు భుజాన్ని ఛాతీకి కలిపే గట్టి ఎముక (కాలర్ బోన్) ఉండదు. ముందు కాళ్ళు కండరాలతోనే ఒంటికి అతుక్కుని ఉంటాయి. అందుకే భుజం అంత స్వేచ్ఛగా ముందుకీ వెనక్కీ కదులుతుంది. పట్టీ ఆ భుజం మీద అడ్డంగా పడితే అడుగు పొట్టిదైపోతుంది. మా అమ్మాయి టేపు పట్టుకుని రెండు కుక్కల మెడ మొదలు, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత రెండుసార్లు కొలిచి కాగితం మీద రాసింది. చుక్కి ఛాతీ 78 సెంటీమీటర్లు, బంటిది 61. పట్టీ కింద రెండు వేళ్ళు పట్టాలి, మూడోది పట్టకూడదు. పొట్ట పట్టీ చంకలో ఇరుక్కోకుండా రెండు మూడు వేళ్ళ వెడల్పు వెనక్కి ఉండాలి.

వై ఆకారం ఉంటే భుజానికి ఏ అడ్డూ ఉండదని పెట్టెల మీద రాస్తారు. అది పూర్తిగా నమ్మకండి. 2019లో ఒక పరిశోధన అడ్డు పట్టీ హార్నెస్‌నీ, భుజాన్ని వదిలేసే హార్నెస్‌నీ పోల్చి చూస్తే, రెండూ భుజం చాపడాన్ని కొంత తగ్గించాయని తేలింది. అందుకే మేము నడక నుంచి రాగానే తీసేస్తాం. ఇంట్లో రోజంతా వేసి ఉంచం.

కొన్న రోజే బయటికి తీసుకెళ్ళలేదు. మూడు రోజులు ఇంట్లోనే పది పదిహేను నిమిషాలు తొడిగి, ఇష్టమైన తిండి ముక్కలు పెట్టి, తీసేశాం. చుక్కి మొదటి నిమిషంలోనే ఒప్పుకుంది. బంటి మొదటి రోజు కొయ్యబారిపోయాడు, రెండో రోజు తోక ఊపాడు, మూడో రోజు హార్నెస్ చూడగానే గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

ఇక ఆ ఆదివారం గురించి చెప్పాలి. నేను ఈ రివ్యూ రాయడానికి కారణమే ఆ రోజు.

ఉదయం 5:30కి బయల్దేరాం. నాన్న, మా ఆయన, మా అమ్మాయి, నేను, రెండు కుక్కలు. రెండు లీటర్ల నీళ్ళు, మడతపెట్టే గిన్నె, ఒక తడి తువ్వాలు. చుక్కి గొంతుకి ఎండ పడదు. కుక్కకి చెమట పట్టేది పాదాల దగ్గరే, అది కూడా కొద్దిగా. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి దానికి ఉన్న పెద్ద ఆధారం నాలుక బయటపెట్టి రొప్పడమే. గాలి దారే ఇరుకైన కుక్కకి ఆ రొప్పడమే కష్టం. అందుకని 8 గంటలలోపు ఇంటికి చేరాలని లెక్క వేసుకున్నాం. ఎండాకాలంలో అయితే నేను అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూస్తాను. నా చెయ్యి ఓర్చుకోలేకపోతే వాటి పాదాలూ ఓర్చుకోలేవు. ఆ పొద్దున నేల చల్లగా ఉంది.

గేటు దాటాక నాన్న, "చుక్కి లీష్ నాకివ్వు" అన్నాడు. ఆయనకి 74. కాలర్ ఉన్న రోజుల్లో, కుక్క ఒక్కసారి గుంజితే ఆయన పడిపోతాడేమోనని నేను ఎప్పుడూ ఇచ్చేదాన్ని కాదు. ఆ రోజు ఇచ్చాను. చుక్కికి వీపు రింగు, ఆయన చేతిలో 1.8 మీటర్ల చదును లీష్. ఇద్దరి నడకా ఒకటే, నెమ్మది. ఇద్దరూ ప్రతి చెట్టు దగ్గరా ఆగారు. చుక్కి వాసన చూసేది, నాన్న ఓపిగ్గా నిలబడేవాడు. "దీనికి ఇది పేపరు చదవడం లాంటిది, చదవనివ్వండి" అని మా ఆయనతో అంటున్నాడు. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు లక్షల్లో ఉంటే కుక్కకి కోట్లలో ఉంటాయి. ఆ ముక్కుకి చెరువు గట్టు ఎంత పెద్ద ప్రపంచమో అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మామూలుగా గంటన్నర పట్టే 6 కిలోమీటర్లు ఆ రోజు రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఎవ్వరం తొందరపెట్టలేదు.

బంటి నా చేతిలో ఉన్నాడు, ఛాతీ రింగుతో. నాలుగు నెలల తర్వాత నేను వాడిని పట్టుకున్నది అదే మొదలు. మొదటి అర కిలోమీటరు వాడు పదేపదే ముందుకి దూకాడు, దూకిన ప్రతిసారీ నా వైపు తిరిగిపోయాడు. నేను ఆగిపోయేదాన్ని. లీష్ వదులవగానే మళ్ళీ నడిచేదాన్ని. కిలోమీటరు దాటేసరికి లీష్ నా చేతికీ వాడికీ మధ్య కిందికి వేలాడుతోంది. నా భుజం ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. ఇది హార్నెస్ ఒక్కదాని గొప్ప కాదు, ఆగి నిలబడటం కూడా నేర్పాలి. కానీ ఆగి నిలబడేంత బలం నా భుజానికి మిగిల్చింది మాత్రం హార్నెస్సే.

మూడో కిలోమీటరు దగ్గర ఒడ్డు వాలుగా ఉంటుంది. బంటి నీళ్ళలోకి దిగి పొట్ట దాకా తడిశాడు. చుక్కికి నీళ్ళంటే ప్రాణం, పక్కనే నిలబడి మా మొహాలు చూసింది. స్వరపేటిక సరిగా మూసుకోని కుక్క ఈదితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది, డాక్టరుగారు వద్దన్నారు. పాదాలు మాత్రం తడపనిచ్చాం. మా అమ్మాయి తువ్వాలు తడిపి దాని పొట్టకీ చంకలకీ అద్దింది. దానికి అంతకంటే ఇవ్వలేకపోవడం కష్టంగా అనిపించింది.

నాలుగో కిలోమీటరు దాటాక వెనక నుంచి ఒక మోటారు సైకిల్ పెద్ద చప్పుడుతో పేలినట్టుగా వచ్చింది. బంటి బెదిరి వెనక్కి వెనక్కి నడిచాడు. నేను లీష్ పట్టుకుని నిలబడ్డాను, వాడు తల వంచి భుజాలు ముడిచాడు, హార్నెస్ మొత్తం వాడి తల మీదుగా జారి నా చేతిలోకి వచ్చేసింది. అంతా రెండు సెకన్లలో. అవతల రోడ్డు.

బంటి పారిపోలేదు. కారణం ఒక్కటే. పొద్దున బయల్దేరే ముందు మా అమ్మాయి హార్నెస్‌తో వచ్చిన కాగితం చదివి, ఛాతీ రింగు నుంచి కాలర్‌కి ఒక పొట్టి పట్టీ తగిలించింది. "అమ్మా, హార్నెస్ ఊడితే కాలర్ పట్టుకుంటుందని రాశారు" అంది. అంత అవసరం లేదేమో అన్నాను నేను. అది వినకుండా తగిలించింది. ఆ పొట్టి పట్టీయే వాడిని పట్టుకుంది. మా ఆయన పరిగెత్తుకొచ్చి వాడిని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. నా కాళ్ళు వణుకుతున్నాయి. నాన్న నన్ను రాతి మీద కూర్చోబెట్టి, "ఏం కాలేదమ్మా, కుక్క ఇక్కడే ఉంది, చూడు" అన్నాడు. మా అమ్మాయి మాట్లాడకుండా బంటి మెడ చుట్టూ చేతులు వేసి కూర్చుంది.

టెన్షన్ తగ్గాక హార్నెస్ తిరగేసి చూశాం. ఇంట్లో సరిగ్గా రెండు వేళ్ళ వదులు పెట్టిన పట్టీ, ఇప్పుడు నాలుగు వేళ్ళు పడుతోంది. తడిసిన నైలాన్ మీద ప్లాస్టిక్ స్లైడర్ జారిపోయింది. ఇది ఈ వస్తువులో ఉన్న నిజమైన లోపం. నీళ్ళలో దిగిన కుక్కకి గట్టు మీదే మళ్ళీ బిగించాలి. దానికి తోడు బంటి ఒంటి తీరు. ఛాతీ లోతుగా, నడుము సన్నగా ఉన్న కుక్కలు వెనక్కి నడిచి హార్నెస్ లోంచి తేలిగ్గా బయటపడగలవు. వాటికి నడుము దగ్గర మూడో పట్టీ ఉన్న హార్నెస్‌లు దొరుకుతాయి. అది ఊడాలంటే లోతైన ఛాతీ ఆ సన్నని చుట్టులోంచి రావాలి, రాదు. ఇంకో సంగతి, కుక్క వెనక్కి నడుస్తుంటే మనం నిలబడి లీష్ బిగించకూడదు. దాని వైపు రెండు అడుగులు వేసి లీష్ వదులు చెయ్యాలి. నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు ఇంట్లో అందరికీ నేర్పాను.

ఇంటికొచ్చాక బంటి ఎడమ చంకలో చర్మం కొద్దిగా ఎర్రబడి ఉంది. తడి పట్టీ రాసుకున్న చోటు. రెండు రోజులు హార్నెస్ వేయలేదు, మానింది.

ఆ రోజు నేను మరచిపోలేనిది మాత్రం చివరి అర కిలోమీటరు. గట్టు మీదికి ఎక్కడానికి 11 మెట్లున్నాయి. చుక్కి వెనక కాళ్ళలో ఈ మధ్య బలం తగ్గింది. గొంతు జబ్బున్న ముసలి కుక్కల్లో వెనక కాళ్ళు కూడా క్రమంగా బలహీనపడటం తరచుగా ఉంటుందని డాక్టరుగారు ముందే చెప్పారు. మొదటి మెట్టు దగ్గర ఆగి మా వైపు చూసింది. ఇంతకు ముందైతే మా ఆయన పొట్ట కింద చేతులు వేసి 30 కిలోలు ఎత్తాల్సి వచ్చేది, అది గింజుకునేది, ఊపిరి చప్పుడు పెరిగేది. ఆ రోజు నాన్న వంగి వీపు మీద పిడి పట్టుకున్నాడు. ఎత్తలేదు, కొద్దిగా పైకి ఆసరా ఇచ్చాడంతే. ఆయన రెండో చెయ్యి మా ఆయన భుజం మీద ఉంది. ఒక మెట్టు, ఆగడం. ఇంకో మెట్టు, ఆగడం. బరువు ఛాతీ పట్టీ మొత్తం మీద పడింది కాబట్టి గొంతుకి ఏమీ తగల్లేదు. పైకి చేరేసరికి చుక్కి ఊపిరి గట్టు కింద ఉన్నంత నిదానంగానే ఉంది. నాన్నే కాస్త ఆయాసపడ్డాడు. "నాకూ ఒకటి కొనమ్మా" అని నవ్వాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

పిడి గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది ఆసరాకే. ముందు భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది. వెనక కాళ్ళు పూర్తిగా పడిపోయిన కుక్కకి తుంటి కింద వేసే వేరే పట్టీ కావాలి. పిడి పట్టుకుని కుక్కని గాల్లోకి లేపితే పట్టీలు చంకల్లో కోస్తాయి.

ఏడు నెలల వాడకం గురించి క్లుప్తంగా. కుట్లు ఎక్కడా ఊడలేదు. లోపలి మెత్త చుక్కి వైపు కాస్త అణిగింది. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు వేసి చేత్తో ఉతికి నీడలో ఆరేస్తున్నాను. మెత్త ఆరడానికి ఒక రోజు పైన పడుతుంది, తడిగా మాత్రం తొడగకండి. చీకట్లో మెరిసే దారం ఇంకా మెరుస్తోంది. వెంట్రుకలు స్లైడర్ పళ్ళలో ఇరుక్కుంటాయి, నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో తీయాలి. సాగే తాడు చుట్టుకునే లీష్‌ని దీనితో వాడొద్దు. ఆ తాడు ఎప్పుడూ కొద్దిగా లాగుతూనే ఉంటుంది కాబట్టి ఛాతీ రింగు కుక్కని ఎప్పుడూ పక్కకి గుంజుతుంది, నడక వంకర అవుతుంది.

చుక్కి లాంటి కుక్కకి, అంటే వయసైపోయి, గొంతు లేదా మెడ సమస్య ఉండి, నెమ్మదిగా నడిచే కుక్కకి ఈ హార్నెస్ నేను కళ్ళు మూసుకుని సిఫారసు చేస్తాను. ఐదుకి ఐదు. బాగా లాగే కుక్కకి కూడా మంచిదే, కానీ బెదిరే స్వభావం ఉంటే కాలర్‌కి పొట్టి పట్టీ లేకుండా గేటు దాటొద్దు. బంటి హార్నెస్‌కి మూడు ఇస్తాను. అది వాడి ఒంటికి సరిపడే ఆకారం కాదు. వాడికి మూడో పట్టీ ఉన్నది తెచ్చాం, నెల నుంచి అదే వేస్తున్నాం. తడిసినా జారకుండా స్లైడర్లు లోహంతో చేసినవి చూసి మరీ కొన్నాను.

పాత మీడియం హార్నెస్‌ని మా అమ్మాయి కడిగి, ఆరబెట్టి, ఎదురింటి వాళ్ళ చిన్న స్పానియెల్‌కి కొలత చూసింది. ఛాతీ 58, సరిపోయింది. ఆ పొట్టి పట్టీ కూడా దానికే తగిలించి ఇచ్చింది, ఎందుకో వాళ్ళకి పది నిమిషాలు వివరించి మరీ. ఆదివారం నుంచి వాళ్ళూ మాతో నడుస్తున్నారు. చుక్కి లీష్ ఇప్పుడు ఎవరడిగినా నాన్న ఇవ్వడు.